అప్పు ఎవరి పేరున, ఆస్తి ఎవరి పేరున

(జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మార్చి 8న కాకుండా మామూలు ఆదివారం నాడు ఆడవాళ్ల ఆర్థిక హక్కుల మీద మాట్లాడమని పిలిచారు. అందుకు నిర్వాహకులకు ముందుగా థ్యాంక్స్. మార్చి 8 అయితే శాలువాలకే సగం టైం పోతుంది. (నవ్వులు)

ముందు వరుసల్లో సంఘం అక్కలు ఉన్నారు. వెనక డిగ్రీ పిల్లలు ఉన్నారు. అక్కలకు చేతివేళ్ల మీద ఉన్న సంగతులు ఈ పిల్లలకు తెలియకపోవచ్చు. అందుకని కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను, అక్కలు ఓపిక పట్టాలి.

ఇవాళ నేను మాట్లాడేది సెర్ప్ గురించి. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ. ఊళ్లో ఈ పేరు చెబితే ఎవరూ తల ఊపరు. వెలుగు ఆఫీసు అంటే తెలుస్తుంది, ఐకేపీ అంటే తెలుస్తుంది, ద్వాక్రా అంటే చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఇన్ని పేర్ల వెనక ఉన్నది ఈ ఒక్క సంస్థే. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించింది. ముఖ్యమంత్రే అధ్యక్షుడు. ప్రపంచ బ్యాంకు నుంచి తెచ్చిన అప్పుతో ముందు ఆరు జిల్లాల్లో వెలుగు ప్రాజెక్టు మొదలైంది: శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు. 2003లో మిగతా జిల్లాలకూ వచ్చింది. తర్వాత ప్రభుత్వం మారింది, పేరు ఇందిర క్రాంతి పథం అయింది, ఐకేపీ అంటే అదే. 2014 తర్వాత రెండు రాష్ట్రాలకు రెండు సెర్ప్‌లు. నేను ఈ ప్రాజెక్టులో కొన్నాళ్లు మండల స్థాయిలో పనిచేశాను. కాబట్టి నా మాటల్లో అభిమానం ఉంటుంది, కోపం కూడా ఉంటుంది.

అయితే ఈ కథ సెర్ప్‌తో మొదలు కాలేదు. ద్వాక్రా 1982లో కేంద్రం పెట్టిన పథకం. చాలా ఏళ్లు అది ఫైళ్లలో నడిచింది. దానికి మన దగ్గర ప్రాణం వచ్చింది నెల్లూరు జిల్లాలో. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా గురించిన పాఠం చదివి, ఇది మా ఇంటి గొడవే కదా అనుకున్నారు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మరి సారాకు పోయే రూపాయి మిగిలింది కదా, దాన్నేం చేయాలి? రోజుకు ఒక రూపాయి దాచుకుందాం అన్నారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు వచ్చింది. బాగా గుర్తుపెట్టుకోండి, పొదుపు సంఘం మన దగ్గర అప్పు కోసం పుట్టలేదు. ఇంట్లోకి వచ్చిన డబ్బు మీద ఎవరికి అధికారం అనే గొడవలోంచి పుట్టింది. ఆ తర్వాత కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి సాయంతో నడిచిన ప్రాజెక్టులో ఈ సంఘాలను ఊరి స్థాయిలో, మండల స్థాయిలో సమాఖ్యలుగా కట్టారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు పేరు మీలో కొందరు వినే ఉంటారు. సెర్ప్ చేసింది ఆ పద్ధతిని తీసుకుని రాష్ట్రమంతా విస్తరించడం.

ఎలా కట్టారో చెప్తాను. పది పదిహేను మంది ఒక సంఘం. ఊళ్లో సంఘాలన్నీ కలిస్తే గ్రామ సంఘం, మనం వీవో అంటాం. వీవోలు కలిస్తే మండల సమాఖ్య, పైన జిల్లా సమాఖ్య. సబ్సిడీ డబ్బు మనిషి చేతికి ఇచ్చి మర్చిపోయే పాత పద్ధతి ఇక్కడ వదిలేశారు. పెట్టుబడి నిధి మండల సమాఖ్యకు వస్తుంది. సమాఖ్య వీవోకు అప్పుగా ఇస్తుంది, వీవో సంఘానికి, సంఘం సభ్యురాలికి. తిరిగి కట్టిన డబ్బు ఢిల్లీకో హైదరాబాద్‌కో పోదు, సమాఖ్యలోనే ఉండి ఇంకొకరికి అందుతుంది. అంటే ఆడవాళ్ల చేతిలో ఒక సొంత పెట్టుబడి ఏర్పడింది. నా లెక్కలో ఈ సంస్థ చేసిన తెలివైన పని ఇదే, ఆ తర్వాత వచ్చిన వడ్డీ రాయితీలన్నీ దీని ముందు చిన్నవి.

బియ్యం అప్పు సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. ఆషాఢం, శ్రావణం నెలల్లో కూలి పనులు సరిగా దొరకవు. రేషన్ బియ్యం నెలంతా రావు. అప్పుడు కూలి ఇంటి ఆడమనిషి ఏం చేస్తుంది? ఆసామి ఇంటికి పోయి బస్తా బియ్యం తెచ్చుకుంటుంది, దానికి బదులు కోతల్లో తక్కువ కూలికి వస్తానని మాట ఇస్తుంది. వీవోలు ఏం చేశాయంటే, కుటుంబానికి ఎన్ని కిలోలు కావాలో ముందే లెక్క రాసుకుని, మిల్లు నుంచో టోకు వ్యాపారి నుంచో ఒకేసారి కొని, సభ్యులకు అప్పుగా పంచాయి. వాయిదాల్లో కట్టుకోవచ్చు. బయట కొట్టు కంటే కిలోకు ఎంతో కొంత తక్కువే పడేది. కానీ లాభం ఆ తేడాలో లేదు. ఆ ఏడు కోతలకు ఆమె తన కూలి తాను అడగగలిగింది. నలుగురు ఆడవాళ్లు మిల్లు యజమానితో కూర్చుని బేరమాడటం ఊరు మొదటిసారి చూసింది. ఇలాంటివి ఏ రిపోర్టు కాలమ్‌లోనూ పట్టవు.

అదే ధైర్యం తర్వాత వడ్ల కొనుగోళ్లలో కనిపించింది. ఇవాళ తెలంగాణలో ఏ రైతునైనా వడ్లు ఎక్కడ పోశావంటే ఐకేపీ సెంటర్లో అంటాడు. తేమ మీటర్ పెట్టి 17 శాతం దాటిందా లేదా చూడటం, గోనె సంచుల లెక్క, లారీ రాకపోతే మిల్లుకు ఫోన్లు, తరుగు ఎక్కువ తీశారని రైతు అరుపులు, అకాల వర్షం వస్తే టార్పాలిన్లు. ఇదంతా సంఘం ఆడవాళ్లే చూసుకుంటున్నారు. క్వింటాల్‌కు ఇంత అని వచ్చే కమీషన్ వీవోకు ఆదాయం.

ఇక బ్యాంకు అప్పు. సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించడాన్ని బ్యాంకు లింకేజీ అంటాం. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ 1992లో ఐదు వందల సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టిన ఈ పని మన దగ్గర మహా ఊపుగా సాగింది. ఉమ్మడి రాష్ట్రంలో సంఘ సభ్యులు కోటి దాటారు. ఊళ్లో నూటికి నెలకు మూడు రూపాయలు, ఐదు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 36, 60 శాతం. అలాంటి చోట పూచీకత్తు లేకుండా బ్యాంకు అప్పు రావడం చిన్న విషయమేం కాదు. 2004 నుంచి పావలా వడ్డీ, 2012 నుంచి వడ్డీ లేని రుణాలు. అక్కలు తల ఊపుతున్నారు. కానీ అక్కా, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. సంఘం నుంచి తెచ్చిన మొన్నటి అప్పు దేనికి వాడారు? బోరుకా, అబ్బాయి ఫీజుకా, ఆటోకా, పెళ్లికా? ఆ ఆటో ఎవరి పేరున ఉంది? (నవ్వులు) నవ్వుతున్నారంటే తెలిసినట్టే.

నేను ఇవాళ చెప్పడానికి వచ్చింది ఈ సంగతే. పాతికేళ్లలో అప్పు మాత్రం ఆడవాళ్ల పేరున గట్టిగా స్థిరపడింది. పాస్‌బుక్కు ఆమె పేరు, సంతకం ఆమెది, మీటింగ్ ఆమెది, కంతు కట్టే టెన్షన్ ఆమెది. ఆస్తి మాత్రం ఆ వేగంతో ఆమె పేరుకు రాలేదు. ఒక ప్రభుత్వ సంస్థ ఏడాదికి ఇన్ని వేల కోట్లు బ్యాంకు లింకేజీ ఇప్పించామని చెప్పుకుంటే నేను చప్పట్లు కొట్టను. ఆ డబ్బుతో కొన్నవి ఎవరి పేరున రాసి ఉన్నాయి అని అడుగుతాను. ఆ కాలమ్ ఏ టార్గెట్ షీట్‌లోనూ నాకు కనబడలేదు.

ఒట్టి అప్పు మీద నిలబడితే ఏం జరుగుతుందో 2010లో చూశాం. సంఘాలు అలవాటు చేసిన క్రమశిక్షణను ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వాడుకున్నాయి. అవే ఆడవాళ్లు, అవే గ్రూపులు, కాకపోతే వారం వారం వసూలు. ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం, రాకపోతే ఇంటి ముందు కూర్చోవడం. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. వసూళ్లు ఆగాయి. మరి అత్యవసరానికి డబ్బు ఎవరిస్తారు? ఆసుపత్రి ఖర్చు వస్తే బ్యాంకు లింకేజీ దాకా ఆగలేరు కదా. అప్పుడు 2011లో స్త్రీనిధి వచ్చింది. సమాఖ్యలే వాటాదారులుగా ఉన్న సహకార సంస్థ. అడిగిన 48 గంటల్లో అప్పు ఇవ్వాలని నియమం పెట్టుకున్నారు. మంచి పని. కానీ చూడండి, అది కూడా అప్పే.

ఆస్తి వైపు సెర్ప్ ఏమీ చేయలేదా అంటే, చేసింది. అది ఎక్కువ మందికి తెలియదు, అందుకే కాస్త ఎక్కువసేపు చెప్తాను. 2000ల నడుమ సెర్ప్‌లో భూమి విభాగం ఒకటి నడిచింది. ఊళ్లో చదువుకున్న పిల్లలను తీసుకుని పారాలీగల్స్‌గా, అంటే చట్టం పనుల్లో సాయం చేసేవాళ్లుగా, కమ్యూనిటీ సర్వేయర్లుగా తయారుచేశారు. వాళ్లు మండల సమాఖ్య కింద పనిచేసేవాళ్లు. ఊరూరా దళిత, గిరిజన కుటుంబాల భూముల జాబితా రాశారు. రాస్తుంటే ఏం బయటపడింది? పట్టా ఉంది, భూమి మీద ఇంకొకడున్నాడు. భూమి మీద ఆమె ఉంది, కాగితం లేదు. ఊరి భూముల రికార్డు అడంగల్‌లో చనిపోయిన మామ పేరే నడుస్తోంది. అసైన్డ్ భూమిని, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమిని, ఎప్పుడో తాకట్టు పెట్టి వదిలేశారు. అసైన్డ్ భూమి అమ్మితే చెల్లదని 1977 చట్టం చెబుతోందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

భూమి గొడవలో పేదవాళ్లు ఓడిపోయేది కోర్టులో అనుకుంటాం. నిజానికి వాళ్లు తహసీల్దార్ ఆఫీసు మెట్ల దగ్గరే ఓడిపోతారు. అర్జీ ఎలా రాయాలి, ఏ కాగితం జత చేయాలి, సర్వేయర్ ఎప్పుడు వస్తాడు. సర్వేకు డబ్బు కట్టి నెలలు తిరిగేవాళ్లు. సమాఖ్య తరఫున సర్వేయర్ కుర్రాడు ఉంటే హద్దులు తేలేవి, పారాలీగల్ కుర్రాడు అర్జీ రాసి వెంట వెళ్లేవాడు. వెనక సమాఖ్య అధ్యక్షురాలు నలుగురితో వచ్చి కూర్చునేది. ఆఫీసులో కుర్చీ వేసేవాళ్లు. అదే ఆడమనిషి ఒక్కతే వెళితే నిలబెట్టేవాళ్లు. దీనితో పాటు కొన్ని వేల ఎకరాలు కొని భూమిలేని ఆడవాళ్ల పేరున రిజిస్టర్ చేయించిన కార్యక్రమం కూడా నడిచింది. రాష్ట్రం సైజుకు అది చిన్నదే. కానీ అక్కడ పాస్‌బుక్ మీద ఆమె ఫోటో ఉంది. మొగుడు అమ్ముదామన్నా ఆమె వేలు కదలాలి.

మరి అంత మంచి పని ఎందుకు బక్కచిక్కిపోయింది? నా అభిప్రాయం చెప్తాను, ఇది నా ఒక్కడి అభిప్రాయమే. భూమి తగాదా తీరిస్తే ఊళ్లో ఒకరికి మేలు, ఇంకొకరికి కోపం. ఆ ఇంకొకరు సాధారణంగా పలుకుబడి ఉన్నవాడు. వడ్డీ రాయితీ ఇస్తే ఎవరికీ కోపం రాదు. రాజకీయాలకు ఏది సుఖమో మీరే చెప్పండి.

దేశం మొత్తం మీద వ్యవసాయ కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి 2015-16 లెక్కల్లో సుమారు 14 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దానికి రెట్టింపు పైనే. దీన్ని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. కాకపోతే అందులో భూపరిమితి చట్టం రోజుల్లో దాన్ని తప్పించుకోవడానికి భార్య పేరున రాయించినవి ఎన్నో, నిజంగా ఆమె దున్నించి ఆమె అమ్ముకునేవి ఎన్నో ఎవరు విడదీయాలి?

ఇంకొక సంగతి, ఇంట్లో కొట్టడాలు. సెర్ప్ జెండర్ విభాగం కింద సమాఖ్యల్లో సామాజిక కార్యాచరణ కమిటీలు పెట్టారు, కుటుంబ సలహా కేంద్రాలు నడిపారు. బాల్యవివాహాలు ఆపిన కమిటీలున్నాయి. పోలీస్ స్టేషన్‌కు వెంట వెళ్లినవాళ్లున్నారు. అదే సమయంలో, సర్దుకుపోమ్మా అని కొట్టేవాడి ఇంటికే తిరిగి పంపిన కమిటీలూ ఉన్నాయి. రాజీ కుదిర్చితే కేసు పరిష్కారమైనట్టు రిజిస్టర్‌లో రాసుకునేవాళ్లు. 2005 గృహహింస చట్టంలో ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది, రక్షణ అధికారి ఉంటారు. ఆమెకు సొంత ఇల్లో సొంత భూమో ఉంటే ఆ కమిటీ ముందు ఆమె మాట తీరే వేరుగా ఉండేది.

పథకాల రాజకీయం గురించి తొందరగా చెప్పేస్తాను, అది మీకందరికీ తెలిసిందే. 2014 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో ద్వాక్రా రుణమాఫీ హామీ వచ్చింది. చాలా సంఘాలు కంతులు ఆపాయి. మాఫీ ఆ రూపంలో రాలేదు, తలా కొంత మూలధనం ఇచ్చారు, ఈలోపు వడ్డీ పెరిగి సంఘాల గ్రేడు పడిపోయింది. 2019 ఎన్నికల నాటికి ఉన్న బాకీలను తర్వాతి ప్రభుత్వం నాలుగు విడతల్లో చెల్లించింది. ఏ పార్టీ వచ్చినా సభకు జనం కావాలంటే ముందు ఫోన్ వచ్చేది వీవోఏకే, అంటే గ్రామ సంఘం సహాయకురాలికే. బస్సు ఎక్కించాలి, హాజరు రాయాలి. సంఘం మీటింగ్‌కు రాకపోతే వేసే జరిమానా కంటే సభకు రాకపోతే భయం ఎక్కువైంది.

వీవోఏల మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. పుస్తకాలు రాసేది, యాప్‌లో ఎక్కించేది, బ్యాంకుకు తిరిగేది, సర్వేలు చేసేది వీళ్లు. వీళ్లకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. దానికోసం రెండు రాష్ట్రాల్లోనూ సమ్మెలు చేశారు. ఆడవాళ్ల ఆర్థిక సమానత్వం కోసం పనిచేసే సంస్థ తన ఇంట్లోనే ఆడవాళ్ల పనికి జీతం అనే మాట వాడలేకపోతే, పక్క ఇంటి యజమానికి ఏం చెబుతుంది? (చప్పట్లు)

మన అక్కల గొప్ప కూడా చెప్పాలి. సీఆర్‌పీలుగా, అంటే తమ అనుభవంతో వేరే ఊళ్లలో సంఘాలు కట్టడం నేర్పేవాళ్లుగా, బిహార్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వెళ్లి, హిందీ సగం తెలుగు సగం మాట్లాడుతూ, ఊళ్లలో మకాం పెట్టి సంఘాలు కట్టించారు. వరంగల్ ఓరుగల్లు మహాసమాఖ్య నుంచి వెళ్లిన బృందాల గురించి ఆ రాష్ట్రాల అధికారులు ఇప్పటికీ మాట్లాడతారు. 2011లో దేశమంతా మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు నమూనాల్లో ముఖ్యమైనది ఇదే. పేదరికంలోంచి బయటపడిన మనిషి మాట ఇంకో పేద మనిషి వింటుందని నమ్మి చేసిన పని అది.

ఇప్పుడు సంఘాలకు సోలార్ ప్లాంట్లు, అద్దె బస్సులు, నారాయణపేటలో పెట్రోల్ బంకు వస్తున్నాయి. ఇవి సమాఖ్య పేరున ఉండే ఆస్తులు. అందుకే వీటిని నేను ఆశగా చూస్తున్నాను. అయితే వీటిని నడిపే టైం ఆడవాళ్లకు ఎక్కడిది? 2024 జాతీయ టైం యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, ఇంటి పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు అందులో గడుపుతున్నారు. చేసే మగవాళ్లు అన్నాను, అసలు చేయనివాళ్లు ఈ సగటులో లేరు. దీనికి సెర్ప్ ఏం చేస్తుందని అడగకండి. అంగన్‌వాడీ సాయంత్రం దాకా తెరిచి ఉంటే చేసినట్టే.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(వెనక వరుస నుంచి ఒక విద్యార్థిని: సార్, మా అమ్మ పెళ్లి 1983లో అయిందట. తాతగారి పొలంలో వాటా లేదని మామయ్యలు అంటున్నారు. నిజమేనా?)

మంచి ప్రశ్న అమ్మా. మన రాష్ట్రంలో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. దేశంలో చాలా ముందుగా తెచ్చిన చట్టమది. కానీ ఆ తేదీకి ముందు పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. మీ మామయ్యలు అక్కడే ఆగిపోయారు. 2005లో కేంద్ర చట్టం మారింది, పెళ్లి ఎప్పుడైనా కూతురికి హక్కు ఉంది. ఆ నాటికి తండ్రి బతికి ఉండాలా అనే గొడవ ఉండేది, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. రెండు సంగతులు చూసుకోవాలి. 2004 డిసెంబర్ 20కి ముందే పంపకం రిజిస్టర్ అయిపోయి ఉంటే దాన్ని కదపలేం. ఆ పొలం తాతగారి స్వార్జితమై, వీలునామా రాసి ఉంటే లెక్క మారుతుంది. అందుకని ముందు అది ఆయనకు ఎలా వచ్చిందో పాత అడంగల్, దస్తావేజుల నకళ్లు తీయించండి, ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తీయించండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. ఈలోగా పండగకు పిలిచి, బ్యాంకు పని మీద ఒక సంతకం కావాలని ఎవరైనా కాగితం ఇస్తే, అది హక్కు విడుదల పత్రమేమో చదివి చూడమని మీ అమ్మగారికి ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు.